ప్లాట్లలో ఏం పండింది సార్?

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఓ వింత పంట కనిపిస్తుంది. ఎర్రమట్టి రోడ్లు, నంబర్లేసిన హద్దురాళ్లు, గేటు దగ్గర రంగురంగుల జెండాలు. దీనికి విత్తనం అక్కర్లేదు, యూరియా కోసం క్యూ అక్కర్లేదు. అయినా పెట్టుబడి సాయం మాత్రం ఠంచనుగా అందింది!

2018 మేలో తెలంగాణలో మొదలైన రైతుబంధు పథకం ఎకరాకు సీజన్‌కు రూ.4 వేలు, తర్వాత 5 వేలు ఇచ్చింది. పట్టా పాస్‌బుక్ ఉంటే చాలు, పైరుందా అని అడిగిన నాథుడు లేడు. చెమటోడ్చిన కౌలురైతుకు చిల్లిగవ్వ లేదు. వ్యవసాయ విస్తరణాధికారులు (ఏఈవోలు) ప్రతి సీజన్‌లో పంటలు నమోదు చేస్తూనే ఉన్నారు. ఆ లెక్క ఒక కంప్యూటర్లో, సొమ్ము లెక్క ఇంకో కంప్యూటర్లో. రెంటికీ మాటల్లేవు!

లెక్క సరిచూసుకోవడం ఎలాగో ఆఫ్రికా దేశాలను చూడండి. వ్యవసాయంపై చేసుకున్న 2014 మలాబో ప్రకటన ప్రకారం రెండేళ్లకోసారి తమ వ్యవసాయానికి తామే మార్కులు వేసుకుంటూ వచ్చాయి. 2021 సమీక్షలో గట్టెక్కింది రువాండా ఒక్కటే. మిగతావాళ్లు తప్పినా మార్కులు దాచుకోలేదు. మనమేమో పరీక్షే పెట్టుకోకుండా ఫస్ట్ క్లాసులో పాసయ్యాం!

2025 జనవరి నుంచి ఆ పథకం పేరు రైతుభరోసా, సాయం ఎకరాకు సీజన్‌కు రూ.6 వేలు. సాగుకు పనికిరాని భూములకు ఇవ్వబోమన్నారు. సంతోషం. మరి ఆ మాట నిలబడిందో లేదో తేల్చేదెవరు? సర్వే నంబరు, వేసిన పంట, పడిన సొమ్ము... ఈ మూడూ ప్రతి రైతువేదిక గోడ మీద రాయించండి. మిగతా తనిఖీ ఊళ్లోవాళ్లే ఉచితంగా చేసిపెడతారు.