మోరిసమ్మకు సంజీవని

అవతారిక

మూలంలో లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అని ప్రతిజ్ఞ పట్టి కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసినవాడు కోలాచలం మల్లినాథసూరి. మెదక్ సీమవాడు, మనవాడు. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగం నిలబెట్టుకోవాలంటే ముందుగా మూలమంటూ ఒకటి ఉండాలి. పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కార్ల మరమ్మతు మీద తెలుగులో ప్రాచీన కావ్యమేదీ దొరకలేదు గనుక మూలం కూడా నేనే రాసుకున్నాను. రెండో సగం గురించి నన్ను నిలదీయకుండా ఉంటే పాఠకులకు పుణ్యముంటుంది.

స్థలం గోదావరిఖని. రామగిరి ఖిల్లా ఇక్కడికి దగ్గరే. మేఘదూతంలో యక్షుడు శాపకాలం గడిపిన రామగిరి ఇదేనని ఈ చుట్టుపక్కల నమ్మకం. మల్లినాథుడు మాత్రం రామగిరి అంటే చిత్రకూటం అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఇంటివాడే సాక్ష్యానికి రాకపోతే బయటి పండితులు వింటారా? ఆయన చూపించని స్థానికాభిమానమంతా ఈ వ్యాఖ్యలో నేను చూపించబోతున్నాను.

మూలం (ఆటవెలది)

బొగ్గు దుమ్ము మింగి పొద్దంత పరుగెత్తి
యెండ గాగి దారి నేడ్చి నిలుచు
తడిపి గుడ్డ గప్పి దయతోడ బతిమాల
మోరిసమ్మ కదులు ముసలిదైన

ప్రతిపదార్థం

మోరిసమ్మ = మోరిస్ వంశాన పుట్టిన అంబాసిడర్ కారు; బొగ్గు దుమ్ము = ఓపెన్‌కాస్టు గనుల నుంచి లేచే నల్లని ధూళిని; మింగి = కార్బొరేటర్ దాకా లోపలికి పీల్చుకొని; పొద్దు + అంత = మొదటి షిఫ్టు మొదలుకొని; పరుగెత్తి = పరుగెత్తి; ఎండన్ = రామగుండం ఎండలో; కాగి = మరిగి; దారిన్ = రాజీవ్ రహదారి మీద; ఏడ్చి = ఏడ్చి (వివరణ ముందుంది); నిలుచు = ఆగిపోవును; గుడ్డ = బనీను గుడ్డను; తడిపి = నీళ్ళలో ముంచి; కప్పి = పెట్రోలు పంపు మీద వేసి; దయతోడ = దయతో (ఎవరి దయ అన్నది వివాదాంశం); బతిమాల = బతిమాలగా; ముసలిది + ఐన = ముసలిదే అయినప్పటికీ; కదులు = కదులును.

తాత్పర్యం

బండి ఆగుతుంది, మళ్ళీ కదులుతుంది. ఈ రెంటి నడుమ ఉన్నవాడు మేస్త్రి.

వ్యాఖ్య

మోరిసమ్మ. ముందుగా ఈమె కులగోత్రాలు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ పక్కన కౌలీ అనే చోట 1956లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారు పుట్టింది. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు దాని అచ్చుల్ని బెంగాల్లోని ఉత్తర్‌పారాకు తెచ్చుకుని అంబాసిడర్ అని పేరు పెట్టారు. 1950ల చివర మొదలైన తయారీ 2014 మే నెలలో ఆగింది. అంతకాలం సర్కారు దొరలకూ, బాయి (బొగ్గు గని) దొరలకూ, పెళ్ళికొడుకులకూ ఇదే వాహనం. వెనక సీటులో తెల్ల తువ్వాలు, అద్దాలకు కర్టెన్లు.

“పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కార్ల మీద టీక రాస్తానని కూర్చుని, జీఎం గారి బండి గురించి చెబుతావేమయ్యా?” అని ఆక్షేపణ. సమాధానం బోనెట్ కింద ఉంది. 1959 ప్రాంతంలో అంబాసిడర్‌కు అమర్చిన ఇంజన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్, 1489 సీసీ. సరిగ్గా ఇదే 1489 సీసీ ఇంజన్‌తో 1955లో ఆబింగ్డన్ ఊళ్ళో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారు బయటికొచ్చింది. రెండు సీట్లు, టాపు విప్పుకునే సౌకర్యం, నేలను రాసుకుంటూ పోయే ఒళ్ళు. ఏడేళ్ళలో లక్షకు పైగా తయారైతే అందులో ఎక్కువభాగం అమెరికాకు ఓడెక్కాయి. ఇద్దరూ ఒకే కడుపున పుట్టిన అక్కచెల్లెళ్ళు. చెల్లెలికి ఎస్‌యూ కార్బొరేటర్లు రెండు పెట్టి కాలిఫోర్నియా సముద్రతీరానికి పంపారు. అక్కకు ఒకటే పెట్టి, అయిదుగురినీ ఒక టిఫిన్ క్యారియర్‌నూ ఎక్కించి బాయి గడ్డకు పంపారు. గుండె అదే.

ఈ గడ్డకు ఇంగ్లీషు యంత్రం కొత్తదీ కాదు. సింగరేణి బొగ్గు తవ్వకానికి 1886లో హక్కులు పొందిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఇంగ్లండులో రిజిస్టరైనదే. 1920లో సింగరేణి కాలరీస్ అయింది, 1945లో నిజాం సర్కారు చేతికొచ్చింది, ఇప్పుడు రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 వంతుల వాటా. మరమ్మతులు చేసుకుంటూ నడుపుతున్న ఇంగ్లీషు సరుకు ఊళ్ళో కారొక్కటే కాదన్నమాట.

పాఠాంతర విచారం. ఇక్కడ “హెరాల్డమ్మ” అని ఉండాలని మదరాసు వైపు పండితుల వాదం కావచ్చు. వాళ్ళ వాదంలో బలముంది. మదరాసులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి తయారుచేసిన హెరాల్డ్, ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్. దాని చట్రాన్నే పొట్టి చేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే అసలు సిసలు స్పోర్ట్స్ కారు కట్టారు. రెంటికీ రూపం దిద్దింది ఇటలీవాడైన మికెలోట్టి. బాంధవ్యం ఇంతకంటే దగ్గర ఉండదు, ఒప్పుకుంటాను. కానీ “హెరాల్డమ్మ” అంటే మొదటి గణమే చెడుతుంది, యతి కూడా కుదరదు. ఛందస్సు ఒప్పుకోని కారును నేను షెడ్డులోకి రానివ్వను.

బొగ్గు దుమ్ము మింగి. పద్యంలో అన్నిటికంటే బరువైన మాట ఇది. ఎస్‌యూ కార్బొరేటర్‌లో ఒక గంట ఉంటుంది, దాని లోపల ఒక పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. ఇంజన్ ఎంత గాలి అడిగితే పిస్టన్ అంత లేస్తుంది. దానికి కింద వేలాడే సన్నటి సూది జెట్‌లోంచి అంత పెట్రోలు వదులుతుంది. పిస్టన్‌కు రింగులుండవు, గంటకూ దానికీ మధ్య వెంట్రుకవాసి సందు. ఆ సందులోకి ఓపెన్‌కాస్టు దుమ్ము చేరిందా, పిస్టన్ పైకి పోయి అక్కడే ఇరుక్కుంటుంది, లేదా కిందనే కూర్చుండిపోతుంది. మేస్త్రి చేసే పరీక్ష తేలిక: వేలితో పిస్టన్ ఎత్తి వదలాలి, “టక్” మని చప్పుడు రావాలి. రాకపోతే విప్పి, పెట్రోలుతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, పై నుంచి పలచటి ఆయిల్ కొంచెం పోసి బిగించాలి. ఎమరీ కాగితం పెట్టి రుద్దినవాడు పాపాత్ముడు. వాడు దుమ్మును తీయడు, సందును పెంచుతాడు.

ఇంగ్లండులో ఈ కార్బొరేటర్ మీద పుస్తకాలున్నాయి. ఆ పుస్తకాల్లో బొగ్గు దుమ్ము అధ్యాయం నాకు కనబడలేదు. కార్బొరేటర్‌ను “కార్పేటర్” అనే మా మేస్త్రి మాత్రం ఒక్క మాటలో తేలుస్తాడు: “దానిదేం తప్పులేదు సార్. బాయి గాలి తాగింది, దగ్గుతాంది.”

పొద్దంత పరుగెత్తి. ఇక్కడ కవి అబద్ధమాడాడు. ముందుకు పోదాం.

యెండ గాగి, తడిపి గుడ్డ గప్పి. ఈ రెంటినీ కలిపి అన్వయించాలి. పెట్రోలులోని తేలికపాటి భాగాలు 40 డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మొదలుపెడతాయి. మే నెలలో రామగుండం నీడలోనే 45 చూపిస్తుంది. బోనెట్ కింద లెక్క చెప్పక్కరలేదు. పైగా బి-సిరీస్‌లో కార్బొరేటరూ, పొగ గొట్టాలూ ఇంజన్‌కు ఒకే పక్కన ఉంటాయి, ఒకటి పైన, ఒకటి కింద. అంబాసిడర్ పెట్రోలు పంపు ఇంజన్ ఒంటికే అతుక్కుని ఉంటుంది. పైపులో పెట్రోలు ఆవిరైతే పంపు ఆవిరినే తోస్తుంటుంది, పెట్రోలు కదలదు. బండి రెండు మూడు సార్లు ఎక్కిళ్ళు పెట్టి ఆగుతుంది. అప్పుడు కవి చెప్పిన ఉపచారం: తడిగుడ్డ పంపు మీద వేసి, చెట్టు నీడన బీడీ తాగినంతసేపు కూర్చోవడం. ఆవిరి చల్లబడి పెట్రోలు అవుతుంది, బండి లేస్తుంది. అసలు నేరస్థుడు కాయిలో, కండెన్సరో అయినా ఈ విశ్రాంతితో అవీ చల్లబడతాయి గనుక పేరు గుడ్డకే వస్తుంది.

గప్పి అన్నచోట తుప్పును లప్పంతో కప్పడమని అర్థం చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళ దగ్గర కారు కొనకండి. ఎంజీఏకు విడిగా చట్రం ఉంది, పై డొక్కు తుప్పు పట్టినా కింద ఎముక ఉంటుంది. మోరిసమ్మకు డొక్కే ఎముక. తలుపుల కింది పెట్టె భాగం తిన్నదంటే నడుము వంగినట్టే. పాత కారు చేతికి రాగానే మగవాడికి పుట్టే మొదటి కోరిక రంగు వేయించడం, రెండోది సీట్లకు కొత్త కవర్లు. జేబులో ఒక అయస్కాంతం ముక్క పెట్టుకుని వెళ్ళి ఆ తలుపుల కింద అంటించి చూడడం అందరికీ ఆఖరున గుర్తొస్తుంది. ఇనుముకు అంటుకుంటుంది, లప్పానికి జారిపోతుంది. అక్కర లేనిది చెప్పనన్న మల్లినాథుడి నియమం డెంటింగ్ పెయింటింగ్ షాపులన్నిటి ముందూ బోర్డు రాయించదగింది.

ఏడ్చి. కన్నీరు ఏదన్నది ప్రశ్న. ఇంజన్ ఆయిలే అని నా నిర్ణయం. ఈ బి-సిరీస్ ఇంజన్‌లో క్రాంక్ షాఫ్ట్ వెనక కొసకు రబ్బరు సీలు లేదు, మెలికలు తిరిగిన గాడి ఒకటి చెక్కారు. షాఫ్ట్ తిరుగుతున్నంతసేపూ ఆ గాడి నూనెను లోపలికే తోడుకుంటుంది. ఆగితే తోడేవాళ్ళు లేరు, బొట్టు కిందికి జారుతుంది. కనుక ఈ బండి నడుస్తూ ఏడవదు, నిలబడి ఏడుస్తుంది. కవి “ఏడ్చి నిలుచు” అన్నాడు, “నిలిచి ఏడ్చు” అనాలి. యతి కోసం రాజీపడ్డాడు, క్షమిద్దాం.

ఏడుపంటే రాత్రిపూట దీపాలు ఆరిపోవడమని మరొక వ్యాఖ్య. ఇంగ్లీషు కార్లకు కరెంటు సామాను చేసిన లూకస్ కంపెనీకి ఆ కార్ల భక్తులు పెట్టిన ముద్దుపేరు “చీకటి యువరాజు”. మన దగ్గర ఆ సామాను 1961లో మదరాసులో పుట్టిన లూకస్ టీవీఎస్ నుంచి వచ్చేది. బాయిలో దిగేవాడికి చీకటి కొత్త కాదు, తలకే దీపం పెట్టుకుని పోతాడు. కానీ క్యాప్ ల్యాంపు షిఫ్టు దిగగానే ల్యాంపు రూములో అప్పజెప్పాలి గనుక ఇంటికి పోయేటప్పుడు లూకసే దిక్కు.

దయతోడ. ఎవరి దయ? మేస్త్రి బండి మీద చూపే దయ అని ఒక పక్షం, బండి మన మీద చూపే దయ అని రెండో పక్షం. నాకు మొదటిదే సమ్మతం, కారణముంది. చెల్లెలైన ఎంజీఏలో పెట్రోలు పంపు కరెంటుది, వెనకవైపు ఉంటుంది. దాని పాయింట్లు పట్టేస్తే ఇంగ్లండులో దొరలు చేసే చికిత్స దిగి, సుత్తెతోనో బూటు మడమతోనో దాన్ని ఒక్కటి తగిలించడం. అక్కడ దండోపాయం, ఇక్కడ సామం. తడిగుడ్డ వేసేవాడు దయగలవాడు.

బతిమాల. బతిమాలడం నోటితో కాదు, ఫీలర్ గేజీతో. ఈ ఇంజన్‌కు ఎనిమిది వాల్వులు. ఒక్కొక్కదాని టాపెట్ సందు అంగుళంలో వెయ్యో వంతులు 15 ఉండాలి. ఏ వాల్వు ఎప్పుడు సరిచేయాలో గుర్తుంచుకోవడానికి మంత్రం తొమ్మిది: ఎనిమిదోది పూర్తిగా నొక్కుకుని ఉన్నప్పుడు ఒకటోదాన్ని చూడాలి, ఏడోది నొక్కుకున్నప్పుడు రెండోదాన్ని, ఆరు నొక్కుకుంటే మూడు, అయిదు నొక్కుకుంటే నాలుగు, తిరగేసినా అంతే. కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. ఆబింగ్డన్ కారు పట్టుకున్న ఇంగ్లీషు దొర ఇదే లెక్క చెబుతాడు, ఖని చౌరస్తాకు అవతల షెడ్డులో పదో తరగతి దాటని కుర్రవాడూ ఇదే చెబుతాడు. వేదాధ్యయనంలో కూడా ఇంత దూరాన ఇంత పాఠశుద్ధి అరుదు.

శుద్ధి అన్నచోటే రెండు సంప్రదాయాలు విడిపోతాయి. ఇంగ్లండులో మూలనిష్ఠ ఎక్కువ. ఇంజన్ నంబరూ చట్రం నంబరూ ఫ్యాక్టరీ కాగితంతో కలవాలి, రంగు ఆ ఏటిదే కావాలి. 1988 నుంచి, ఎంజీఏ తరవాత వచ్చిన ఎంజీబీ కారుకు మొత్తం డొక్కునే పాత అచ్చులతో కొత్తగా పోసి అమ్ముతున్నారు. కొత్త డొక్కు, బోరు చేసిన ఇంజన్, కొత్త సీట్లు పెట్టాక కూడా అది “ఒరిజినల్” అని వాదించే ధైర్యం వాళ్ళకుంది. మన దగ్గర 2014 తరవాత కొత్త బండి లేదు. బుష్ కావాలంటే లేత్ దగ్గరికి పోవాలి, డోర్ హ్యాండిల్ కావాలంటే తుక్కు దుకాణంలో వెతకాలి. అసలు ఇంజన్ తీసి మటడార్ డీజిల్ ఇంజన్ దింపిన అంబాసిడర్లు లెక్కలేనన్ని తిరిగాయి. శాస్త్రప్రకారం అది ప్రక్షిప్తం. నేనూ ముక్కు చిట్లిస్తాను. కానీ ఇంటిల్లిపాదికీ తిండి పెట్టిన టాక్సీలో ప్రక్షిప్తమేదో చూపించి తీసేయమనే గుండె నాకు లేదు.

ముసలిదైన. ఐనప్పటికీ కదులును అని కవి హృదయం. ఈ “ఐన” దగ్గరే కేంద్ర ప్రభుత్వం కవితో విభేదించింది. 2021 జూలైలో వచ్చిన నియమాల ప్రకారం 50 ఏళ్ళు దాటి, ఇంజన్, డొక్కు, చట్రం మారకుండా అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా రిజిస్టరు చేయించుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, నంబరు పలకలో వీఏ అనే అక్షరాలు వస్తాయి. ప్రక్షిప్తాలున్న ప్రతి చెల్లదు. అయితే ఆ గౌరవం దక్కాక రోజువారీ తిరగడానికి వీల్లేదు, కిరాయికి అసలే వీల్లేదు. ప్రదర్శనకో, ర్యాలీకో పోవచ్చు. అవి కాక రోడ్డెక్కేందుకు ప్రధానంగా మిగిలిన సాకులు రెండు: పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతు చేయించుకోవడం.

ఇది చదివి వినిపిస్తే మా మేస్త్రి బోనెట్‌లోంచి తల ఎత్తకుండానే అన్నాడు: “ఇండ్ల కొత్తేమున్నది సార్? ఇన్నేండ్ల సంది అది తిరిగింది గీ రెండిటికే గద.”