ఇరవై ఏడు రూపాయల తేడా

మా రోజుల్లో లెడ్జర్ బ్యాలన్సింగ్ అంటే, రాత్రి అన్నానికి ఎదురుచూడొద్దని ఇంట్లో చెప్పి మరీ వెళ్ళేవాళ్ళం. 1978లో గుంటూరు జిల్లాలో ఓ పల్లె బ్రాంచిలో గుమాస్తాగా చేరాను. ఓ నెల సేవింగ్స్ లెడ్జర్లకీ జనరల్ లెడ్జర్‌కీ 27 రూపాయలు తేడా. చందాలేసుకుని కట్టేస్తామన్నా మేనేజరు గారు ఒప్పుకోలేదు. అలాగని మమ్మల్ని వదిలేసి ఇంటికీ పోలేదు. చొక్కా చేతులు మడిచి, నా పక్కన కుర్చీ లాక్కుని, "తొమ్మిదితో తెగుతోందంటే అంకెలు తారుమారు చేశావన్నమాట. చదవవోయ్" అన్నారు. నేను చదవడం, ఆయన టిక్కులు పెట్టడం. పది గంటలకి ఇడ్లీలు, ఆయన డబ్బులతోనే. చివరికి 63ని 36గా వేసింది నేనేనని తేలింది. తిట్లు పడ్డాయి, అక్కడికక్కడే. మర్నాటికి ఎవరికీ గుర్తు లేదు.

అంతా బంగారమని అనను. టోకెన్ పట్టుకుని రైతు మధ్యాహ్నం దాకా బెంచీ మీద కునికేవాడు, మేం టీకి వెళ్ళి తాపీగా వచ్చేవాళ్ళం.

ఇప్పుడు మా తమ్ముడి కొడుకు ఓ బ్యాంకులో ఆఫీసరు. కంప్యూటరు తేడా రానివ్వదు, నిజమే. కానీ రాత్రి ఎనిమిదిన్నరకి వీడియో కాన్ఫరెన్సు! ఎన్ని పాలసీలు అమ్మావు, ఎన్ని కార్డులు అంటగట్టావు? వాట్సాప్ గ్రూపులో బ్రాంచీలకి ర్యాంకులు, అడుగున ఉన్నవాటికి ఎర్ర రంగు. పక్కన కుర్చీ వేసుకునేవాడు మాత్రం లేడు. మనుషులూ తక్కువే. 2000-01లో స్వచ్ఛంద పదవీ విరమణ కింద ప్రభుత్వ బ్యాంకుల నుంచి లక్ష మంది దాకా బయటికొచ్చారు. వాళ్ళలో నేనూ ఉన్నాను, తిట్టుకుంటే తిట్టుకోండి.

ఫిక్స్‌డ్ డిపాజిట్ వేద్దామని వచ్చిన ఓ పెద్దావిడకి మావాడు బీమా పాలసీ రాసేశాడట. ఏడాదికి సంగతి తెలిసి ఆవిడ కౌంటరు దగ్గర నిలబడి ఏడ్చింది. ఉన్న డిపాజిట్లన్నీ ఎత్తుకుపోయింది. వీడికి రెండు రోజులు ముద్ద దిగలేదు. ఆ నెల బ్రాంచికి మాత్రం మంచి ర్యాంకు!

ఈ తెగులు మన దగ్గరే పుట్టిందీ కాదు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు సిబ్బంది టార్గెట్ల కోసం ఖాతాదార్లకి తెలియకుండానే లక్షల్లో ఖాతాలు తెరిచారు. 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అప్పటికే 5,300 మంది దాకా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఆ టార్గెట్లు పెట్టిన విభాగం అధిపతి మాత్రం కోట్ల డాలర్లతో రిటైరైంది.

మొన్న సంక్రాంతికి మావాడు అరిసె నోట్లో పెట్టుకుంటూనే ఫోను చూసుకుంటున్నాడు. "పెదనాన్నా, ఈ వారం ఒక్క పాలసీ తగ్గింది..." అన్నాడు నెమ్మదిగా. నా వయసుకి ఇవ్వరట. మా అబ్బాయి పేరు రాయించి, మొదటి ప్రీమియం నేనే కట్టాను.