పెద్దసార్లు సేమ్యా గోపురం కడుతున్నారు

బుధవారం ఉదయం తొమ్మిదిన్నర. బహ్రెయిన్‌లోని మనామాలో ఒక అయిదు నక్షత్రాల హోటల్, రెండో అంతస్తు హాలు. ఏసీ చలికి కోటు గుండీలు పెట్టుకున్న పాతికమంది పెద్దమనుషులు బల్లకు అయిదుగురు చొప్పున కూర్చుని, ఉడకని స్పగెట్టి పుల్లలకు టేపు చుడుతున్నారు. స్పగెట్టి అంటే ఇటలీలో స్థిరపడిన మన సేమ్యా పెదనాన్న. 20 పుల్లలు, గజం టేపు, గజం దారం, నెత్తిన పెట్టడానికి ఒక మార్ష్‌మాలో మిఠాయి, 18 నిమిషాల గడువు. ఎవరి గోపురం ఎత్తుగా నిలబడితే వాళ్లు నాయకులు.

వీళ్లంతా ఎవరనుకున్నారు? ఆసుపత్రుల్లో హెచ్‌ఆర్ విభాగాలకు పెద్దలు. వందల మంది నర్సుల డ్యూటీలు, సెలవులు, వీసాలు వీళ్ల సంతకంతోనే కదులుతాయి. మూడు రోజులపాటు వీళ్లకు నాయకత్వ వికాసం జరుగుతోంది.

నాకెలా తెలుసంటే, ఆ హాల్లో ప్రొజెక్టరూ మైకులూ చూసుకునేది నేనే. ఈ క్లాసు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మనుషులు మారతారు, స్లైడ్లు మారవు. వినడమే అర్హతయితే ఈపాటికి నేను మూడు ఆసుపత్రులకు హెచ్‌ఆర్ డైరెక్టర్ని అయ్యుండాలి.

ఈ గోపురం ఆటను ఊరూరా తిప్పిన టామ్ వూజెక్ అనే ఆయన 2010లో ఒక టెడ్ ప్రసంగంలో తానే ఒప్పుకున్నాడు, బిజినెస్ స్కూల్లో అప్పుడే పట్టా పుచ్చుకున్నవాళ్ల కన్నా కిండర్‌గార్టెన్ పిల్లలే ఎత్తుగా కడతారని. మా శిక్షకుడు ఆ ముక్క ఎత్తడు. ఎత్తితే వచ్చే బ్యాచ్‌కు అంగన్‌వాడీ పిల్లల్ని పంపిస్తారని భయం కాబోలు.

సరిగ్గా గోపురాలు ఒరుగుతున్న వేళ జేబులో ఫోను వణికింది. మా ఆవిడ. రాజోలు పిల్ల, నర్సు. 12 గంటల రాత్రి డ్యూటీ దిగి, ఇంటికి రాకుండా వాళ్ల ఆసుపత్రి హెచ్‌ఆర్ కిటికీ ముందు నిలబడి ఉంది.

"ఏమండీ, సార్ లేరంట. ఆదివారం రమ్మంటున్నారు."

"ఎక్కడికెళ్లారంట?"

"ట్రైనింగంట. మెయిల్ పెడితే దానంతటదే జవాబొచ్చేసింది."

తలెత్తి చూశాను. సార్ మూడో బల్ల దగ్గర మార్ష్‌మాలో పట్టుకుని నిలబడి ఉన్నారు.

ఆవిడ వెళ్లిన పని సీపీఆర్. బహ్రెయిన్‌లో ఉన్నవాళ్లకు ఈ మూడక్షరాల మహిమ చెప్పక్కర్లేదు, ఊళ్లో ఉన్నవాళ్ల కోసం చెబుతున్నాను. ఇక్కడ గుర్తింపు కార్డును అందరూ సీపీఆర్ అనే అంటారు, మన ఆధార్ లాంటిది. ఆసుపత్రిలో సీపీఆర్ అంటే ఆగిన గుండెను నొక్కి నొక్కి మళ్లీ కొట్టించడం. ఆ రాత్రి మా ఆవిడ రెండో రకం సీపీఆర్ ఒకాయనకు చేసి వచ్చింది. మొదటి రకం సీపీఆర్ ఆవిడకే లేదు, గడువు తీరి పదకొండు రోజులైంది. రెన్యువల్ కాగితం ఆఫీసులో కదలాలి, కదల్లేదు. కార్డు పోతే దాని వెనకే బ్యాంకు ఖాతా కూడా బిగుసుకుపోయింది. జీతం పడింది, తీసుకోవడానికి లేదు. గుండె ఆగితే నర్సు పరుగెత్తుకు రావాలి. నర్సు కార్డు ఆగితే ఆదివారం దాకా ఆగాలి.

హాల్లో తరవాతి స్లైడు పడింది. కొండెక్కి లోయలోకి దిగి మళ్లీ ఎక్కే గీత ఒకటి, దాని మీద అయిదు చుక్కలు: నమ్మకపోవడం, కోపం, బేరం, కుంగుబాటు, ఒప్పుకోలు. ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ అనే డాక్టరు 1969లో వేసిన పుస్తకంలోవి ఈ దశలు. ఆవిడ చావు దగ్గరపడ్డ రోగులతో మాట్లాడి రాసుకున్న సంగతులవి. మేనేజ్‌మెంట్ గురువులు వాటిని మంచం మీంచి లేపుకొచ్చి ఉద్యోగులకు తగిలించారు. డ్యూటీ చార్టు మార్చేస్తే నర్సు ముందు నమ్మదు, తరవాత మండిపడుతుంది, బతిమాలుతుంది, ఏడుస్తుంది, చివరికి ఒప్పుకుంటుంది. నాయకుడు ఓపిగ్గా అయిదో చుక్క దాకా నడిపించాలి, అంతే. చార్టే తప్పేమో అనే చుక్క ఆ గీత మీద ఎక్కడా లేదు. పోయేవాళ్ల చెయ్యి పట్టుకుని కూర్చునే నర్సుల మీదే ఈ పాఠం ప్రయోగించడానికి ఎంత గుండె దిటవు కావాలో!

భోజనాలయ్యాక స్వభావం తేల్చే రంగుల పరీక్ష. మీరు ఎరుపా, పసుపా, ఆకుపచ్చా, నీలమా? దీని వేళ్లు డిస్క్ సిద్ధాంతంలో ఉన్నాయి. 1928లో దానికి పునాది వేసిన అమెరికన్ సైకాలజిస్టు విలియం మౌల్టన్ మార్‌స్టన్, తరవాత వండర్ ఉమన్ కామిక్ పాత్రను సృష్టించాడు. రెంటిలో ఏది ఎక్కువ కల్పనో మీరే తేల్చుకోండి. మూడో బల్ల సార్‌కు ఎరుపొచ్చింది. నిర్ణయాలు చకచకా తీసేసుకుంటారట. నేను మైకు బ్యాటరీ మార్చే వంకతో తల దించుకున్నాను.

ఈ దేశంలో నర్సు ఒక సూది గుచ్చాలంటే, 2009 చట్టంతో పుట్టిన ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే ఆరోగ్య నియంత్రణ సంస్థ లైసెన్సు ఇవ్వాలి. డిగ్రీ అసలుదో కాదో ఆరా తీస్తారు, పరీక్ష పెడతారు, అనుభవం అడుగుతారు. మంచిదే, ప్రాణాలతో పని. అదే నర్సు జీతంలో కోత పెట్టడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందని మనవాళ్లు సామెత చెప్పి ఊరుకున్నారు. ఇప్పుడు పేనుకు ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ కూడా ఇస్తున్నారు.

హెచ్‌ఆర్ వాళ్లంతా ఇంతేనని అనను. కరోనా రోజుల్లో క్వారంటైన్‌లో ఉన్న నర్సుల గదులకు స్వయంగా అన్నం డబ్బాలు మోసిన హెచ్‌ఆర్ గుమాస్తాను చూశాను. ఆయన ఈ శిక్షణకు ఎప్పుడూ రాలేదు. రానివ్వరు, ఇది సీనియర్లకు మాత్రమే.

అసలు ఆ హాల్లో చెప్పవలసిన పాఠం ఎప్పుడో అచ్చయి ఉంది. 2012 నాటి 36వ నంబరు కార్మిక చట్టం. ఏడాది పనిచేస్తే 30 రోజుల జీతంతో సెలవు. అదనపు గంటలకు పగలైతే మామూలు జీతం మీద 25 శాతం, రాత్రయితే 50 శాతం ఎక్కువ. ఉద్యోగం వదిలినప్పుడు గ్రాట్యుటీ, మొదటి మూడేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం. ఇందులో మార్ష్‌మాలో ఎక్కడా అవసరం పడదు. ఆ గ్రాట్యుటీ విషయంలో ప్రభుత్వం నాయకుల వికాసం కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. విదేశీ ఉద్యోగులకు దాన్ని 2024 మార్చి నుంచి నెలనెలా సోషల్ ఇన్సూరెన్స్ సంస్థకు కట్టెయ్యమంది, మొదటి మూడేళ్లు జీతంలో 4.2 శాతం, తరవాత 8.4 శాతం. పోయేటప్పుడు సార్ చుట్టూ తిరగక్కర్లేదు, సంస్థే ఇస్తుంది. ఏ రంగు మనిషికైనా ఒకటే లెక్క.

ఇక డబ్బు సంగతి. బహ్రెయినీల నైపుణ్యాలు పెంచడానికి 2006లో పెట్టిన తమ్‌కీన్ అనే నిధి ఉంది. విదేశీయుల్ని పనిలో పెట్టుకున్నందుకు యజమానులు కట్టే రుసుములో పెద్ద వాటా దానికే పోయేలా ఏర్పాటు చేశారు. 2008లో మొదలైనప్పుడు ఆ రుసుము తలకు నెలకు 10 దీనార్లు. వాళ్ల దేశం, వాళ్ల పిల్లలు పైకి రావాలి, అందులో నాకు పేచీ లేదు. కాకపోతే మా ఆవిడ తల మీద కట్టిన రుసుముతో ఎక్కడో ఒక సార్ ఉద్యోగుల కష్టం అర్థం చేసుకోవడం ఎలా అనే పాఠం వింటూ ఉండొచ్చు కదా అనిపిస్తే నవ్వాగదు.

హెచ్‌ఆర్ అంటే మానవ వనరులు. ఆ పేరే చూడండి. బహ్రెయిన్‌లో చమురు అనే వనరు కోసం జబల్ దుఖాన్ దగ్గర బావి తవ్వాల్సి వచ్చింది, 1932లో పడింది. మానవ వనరుకు బావి అక్కర్లేదు, ఏజెంటు చాలు. 2015లో కొచ్చి ఏజెన్సీ ఒకటి కువైట్ నర్సు ఉద్యోగాలకు 19,500 రూపాయలు తీసుకోవలసిన చోట 19,50,000 గుంజిందని సీబీఐ కేసు పెట్టింది. రెండు సున్నాలే తేడా. ఆ ఏడాదే మన ప్రభుత్వం బహ్రెయిన్‌తో సహా 18 దేశాలకు వెళ్లే నర్సులకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి చేసి, నియామకాలు సర్కారీ సంస్థల చేతుల్లో పెట్టింది. దొడ్డిదారులు పూర్తిగా మూసుకుపోయాయని మా ఇరుగుపొరుగు ఎవరూ నమ్మరు. అప్పు చేసి వచ్చిన పిల్ల ఎన్ని రాత్రుళ్లు పడినా రాజీనామా ఇవ్వదు. దాన్ని స్లైడ్ల భాషలో రిటెన్షన్ అంటారు. పక్కనే ఆకుపచ్చ బాణం పైకి చూపిస్తూ ఉంటుంది.

గురువారం సాయంత్రం సర్టిఫికెట్లు పంచారు. సౌదీ నుంచి 25 కిలోమీటర్ల కింగ్ ఫహద్ వంతెన దాటి వచ్చిన సార్లు కూడా ఉన్నారు. మర్నాటి నుంచి రెండు రోజులు సెలవు, వాళ్ల వికాసం మనామాలోనే కొనసాగింది. గ్రూపు ఫోటో నేనే తీశాను. ముందు వరసలో మూడో బల్ల సార్, చేతిలో కప్పు. వాళ్ల గోపురమే గెలిచింది.

మంగళవారం మా ఆవిడ కార్డు పనయింది. చేసింది మందూబ్, అంటే ఆఫీసు కాగితాలు పట్టుకుని సర్కారు కౌంటర్ల చుట్టూ తిరిగే మలయాళీ చేట్టన్. ఇన్ని రోజులూ ఆయన ఎదురుచూసింది ఒక్క సంతకం కోసం.

సార్లకు ఒక మనవి. వచ్చే బ్యాచ్ వచ్చే నెలలోనే ఉంది. హాలుకు వచ్చే ముందు బల్ల మీదున్న కాగితాల మీద సంతకాలు పెట్టి రండి. ఆలస్యమవుతుందని కంగారు పడకండి, ప్రొజెక్టరు పనిచెయ్యడం లేదని నేను చెబుతాను.