ఉయ్యాల కట్టిన చీరను

నేను మంగళగిరి నేత చీరను. 1988లో గుంట మగ్గం మీద పుట్టాను. ఒంటి మీద ఒక్క పువ్వు లేదు, అంతా సాదా ఆకుపచ్చ. అంచుకు మాత్రం మా ఊరికి పేరు తెచ్చిన నిజాం జరీ. 2013లో మంగళగిరి చీరలకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని ఇంట్లో చెప్పుకుంటుంటే బీరువా అడుగున పడుకుని విన్నాను. మగ్గం సంగతులు ఇంతకంటే ఎక్కువ చెప్పను. నా బతుకంతా పసిపిల్లల దగ్గరే గడిచింది.

అమ్మమ్మ నన్ను ఆరేళ్ళు కట్టింది. అప్పటికామె అమ్మమ్మ కాదు, తెనాలికి వచ్చిన కొత్త కోడలు. 1994లో ఆమెకు కూతురు పుడితే, ఇరవై ఒకటో రోజు బారసాలకు పెంకుటింటి దూలానికి నన్నే ఉయ్యాలగా కట్టారు. పట్టుచీర అయితే ముడి జారుతుంది, నైలాను చీర అయితే బిడ్డకు ఉక్క. పాత నూలు చీర చెమట పీలుస్తుంది, గాలి ఆడనిస్తుంది, ఉతికే కొద్దీ మెత్తబడుతుంది. కొత్తగా ఉన్నప్పుడు పెళ్ళిళ్ళకు కట్టిన నన్ను చూసి నలుగురూ మెచ్చుకున్నారు. అయినా నా అసలు గొప్ప నేను పాతబడ్డాకే మొదలైంది.

ఆ కూతురు తన రెండో కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు నన్ను మళ్ళీ తీశారు. ఈసారి ఇంట్లో ఇద్దరు పిల్లలు. కొత్తగా పుట్టిన పసివాడు, రెండున్నరేళ్ళ వాడి అక్క. తమ్ముడు పాలు తాగేటప్పుడే అక్కకు దాహం వేసేది, అప్పుడే జడ ఊడిపోయేది, అప్పుడే కడుపులో నొప్పి వచ్చేది. ‘నన్నూ ఉయ్యాల్లో వెయ్యి’ అని నా అంచు పట్టుకుని వేలాడేది. ఒక మధ్యాహ్నం నా మడతలు తొలగించి, చేతిలో సగం కొరికిన జంతిక తమ్ముడి నోటికి అందించబోయింది. అమ్మమ్మ ఒక్క ఉదుటున వచ్చి చెయ్యి పట్టుకుంది. ‘తమ్ముడికి ఆరు నెలలు నిండేదాకా అమ్మ పాలే తల్లీ’ అని బుజ్జగించింది. పిల్ల మాత్రం నలుగురికీ వినబడేలా ఏడ్చింది. తన జంతిక తమ్ముడికి ఇద్దామనుకున్న పిల్ల అది, దాని మనసు నాకు తెలుసు.

ఆరో వారం టీకాలు వేయించిన రాత్రి నేను మరిచిపోను. పసివాడి రెండు తొడలకూ సూదులు పడ్డాయి. ఒళ్ళు కాలిపోతోంది, కింద పడుకోబెడితే కేర్‌మంటున్నాడు. పిల్లల తల్లి, మా అమ్మాయి, నాకు కట్టిన తాడును కాలి బొటనవేలికి తగిలించుకుంది. ఆ కాలితో నన్ను ఊపుతూ, చేత్తో పెద్దదాన్ని జోకొడుతూ, కూర్చున్నచోటే కునికింది. కాలు ఆగితే లోపల మూలుగు, మూలుగు వినిపిస్తే మళ్ళీ కాలు. తెల్లవారుజామున జ్వరం దిగింది. వాడి చెమటంతా నేనే పీల్చుకున్నాను.

అమ్మమ్మ నన్ను ఏ రోజూ ఊరికే వదల్లేదు. సాయంత్రం కాగానే విప్పి, వెలుతురుకు పట్టి చూసేది. నూలు పలచబడ్డచోట రెండు చేతులతో లాగి చూసేది. మళ్ళీ కట్టేటప్పుడు ముడి మార్చి, మడతలు బిడ్డ మొహం మీద పడకుండా అడ్డకర్ర పెట్టేది. వాడి గడ్డం గుండెకు ఆనిందేమో వంగి చూసేది. అలా ఆనితే పసివాడికి ఊపిరి ఆడదు. అయిదో నెలలో కూతుర్ని హైదరాబాదు పంపుతూ, ‘బోర్లా పడ్డం మొదలెట్టాక చీరలో వెయ్యకమ్మాయ్, చాప మీదే వెల్లకిలా పడుకోబెట్టు’ అని రెండుసార్లు చెప్పింది.

హైదరాబాదు ఫ్లాటులో నన్ను స్లాబు కొక్కేనికి కట్టారు. అడ్డకర్ర తెనాలిలోనే ఉండిపోయింది. అల్లుడికి రాత్రి డ్యూటీలు. ఇద్దరు పిల్లలతో అమ్మాయి ఒక్కతే, నిద్రకు మొహం వాచి ఉంది. ఇది నేను కాదనను. పిల్లాడు బోర్లా పడ్డాడని బొబ్బట్లు వండుకున్నారు గానీ నన్ను విప్పలేదు. నన్ను వెలుతురుకు పట్టి చూసినవాళ్ళూ లేరు. నా కోపం అక్కడే.

ఒక ఉదయం పసివాడు చాప మీద ఉన్నాడు. అమ్మాయి పొయ్యి మీద పాలు చూడబోయింది. పెద్దది ముక్కాలిపీట ఎక్కి నాలో దూరి గిరగిరా తిరిగింది. నేను తాడులా పురి తిరిగాను. పురి బిగుస్తూ దాని మెడ దాకా వచ్చింది. గొంతు బిగిస్తే పిల్ల అరవలేదు. చీర ఉయ్యాలతో వచ్చే ముప్పు అదే, పక్కగదిలోకి కూడా చప్పుడు రాదు. నా అంతట నేను వదులయ్యే దారి నాకు లేదు. అల్లరి పిల్ల ఉన్న ఇల్లు ఉన్నట్టుండి మౌనంగా మారేసరికి అమ్మాయి గుండె ఝల్లుమంది. పాలు పొంగుతున్నా వదిలేసి పరుగెత్తుకొచ్చింది. పిల్లను ఎత్తిపట్టుకుని పురి విప్పింది. మెడ చుట్టూ ఎర్రటి గీత రెండు రోజులు ఉంది. ఇలాగే ఎవరి కంటా పడక ప్రాణాలు పోయిన పిల్లల వార్తలు పేపర్లలో వస్తూనే ఉన్నాయి.

ఆ సాయంత్రమే నన్ను కొక్కెం నుంచి దించారు. మంచి పని చేశారు. పాకే పిల్లాడికీ, ఎక్కే పిల్లకూ నేను పనికిరాను.

కానీ దించినవాళ్ళు నన్ను మడతపెట్టలేదు. కుర్చీ మీద వారం రోజులు పడేశారు. తర్వాత కత్తెరతో సగానికి కోశారు. ఒక సగంతో వంటింటి గట్టు తుడిచారు, ఒలికిన సాంబారు తుడిచారు, ఆఖరికి బండి సీటు దుమ్ము కూడా తుడిచారు. మిగిలిన సగాన్ని బాల్కనీలో చీపురు వెనక కుక్కారు. వాన జల్లుకు తడిసి, ఎండకు ఎండి, జరీ పొడిపొడిగా రాలింది. పెద్దది ఒకరోజు నన్ను బయటికి లాగి, తన బొమ్మను నాలో చుట్టి, కాసేపు జోకొట్టింది. మురికి అని విసిరేశారు. ఆ పిల్ల తల్లి తొలిసారి ఉయ్యాల ఊగింది ఈ మురికిలోనే.

సంక్రాంతికి అమ్మమ్మ వస్తోందని ఫోనులో మాట్లాడుకోవడం విన్నాను. ఆమె వచ్చేలోపు నన్ను చెత్తబండికి వెయ్యకండి. వేడినీళ్ళలో నానబెట్టి ఒకసారి ఉతికితే చాలు. కొంగు వైపు రెండు గజాలు ఇంకా గట్టిగానే ఉన్నాయి, పిల్లాడికి చిన్న బొంత అవుతుంది.