అన్న కొన్న కారు, తమ్ముడికి చిట్కాలు

మీ అన్న దుబాయ్‌లోనో దోహాలోనో ఉన్నాడు. ఓవర్‌టైం పైసలు కూడబెట్టి కోరుట్లలో ఇంటి ముందు టర్బో కారు నిలబెట్టాడు. వర్టుస్ జీటీ అయితే 150 హార్స్‌పవర్, ఐ20 ఎన్ లైన్ అయితే 120. తాళం మీ దగ్గర, కిస్తీలు ఆయన దగ్గర. ఇంతకంటే మంచి పొత్తు జగిత్యాల జిల్లాలో దొరకదు. అన్న మళ్ళీ సెలవు మీద వచ్చేలోపు ఆ ఇంజన్‌ను షెడ్డుకు చేర్చాలి, మాట మాత్రం మీ మీదికి రాకూడదు. దీనికి యాక్సిడెంట్ అక్కర్లేదు, కష్టమూ లేదు. టెంపరేచర్ సంగతి ఒక్కటి తెలిస్తే చాలు.

1. ముల్లు నడుమ ఉంటే మళ్ళీ దానివైపు చూడకండి.

ఇంజన్ వేడెక్కాక కూలెంట్ దాదాపు 90 నుంచి 105 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆయిల్ 90 నుంచి 120 దాకా పోతుంది, గట్టిగా తొక్కితే ఇంకాస్త ఎక్కుతుంది. ఇవి మామూలు లెక్కలు. చాలా కార్లలో డాష్‌బోర్డ్ ముల్లును కంపెనీవాళ్ళే నడుమ కట్టేస్తారు. లోపల 85 ఉన్నా, 100 ఉన్నా అది కదలదు. కదిలితే జనం భయపడి ఊరికే ఫోన్లు చేస్తారని వాళ్ళ బాధ. మీకు ఇది వరం. స్టీరింగ్ కింద గుచ్చే ఓబీడీ స్కానర్ అని చిన్న డబ్బా ఒకటి దొరుకుతుంది, అది ఫోన్‌లో అసలు డిగ్రీలు చూపిస్తుంది. కొనకండి. తెలిస్తే పట్టించుకోవాల్సి వస్తుంది. ముల్లు నడుమ దాటి పైకి లేచిందంటే పని సగం అయినట్టే, మిగతా సగానికి ఏసీ పెంచుకుని పాట మార్చండి.

2. పొద్దున్నే స్టార్ట్ చేయగానే తొక్కండి.

కొన్ని కార్లలో ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నీలం దీపం వెలుగుతుంది. దాన్ని అలంకారం అనుకోండి. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది, పై భాగాలకు తీరిగ్గా చేరుతుంది. అల్యూమినియం పిస్టన్ ఇంకా తన సైజుకు ఉబ్బి ఉండదు. సరిగ్గా ఈ నిమిషంలోనే కొత్త బస్టాండ్ ముందు ఎర్రగీత దాకా రేజ్ ఇస్తే, నెలల అరుగుదల ఒక్క వారంలో వస్తుంది. కొందరు తెలివైనవాళ్ళు నీలం దీపం ఆరేదాకా ఆగుతారు, అది కూడా మనకు పనికొస్తుంది. దీపం చెప్పేది కూలెంట్ సంగతి, ఆయిల్ సంగతి కాదు. కూలెంట్ 90కి చేరినా ఆయిల్ ఇంకా చాలా వెనక ఉంటుంది, అది అందుకోవడానికి పది, పదిహేను నిమిషాల నడక కావాలి. దీపం ఆరగానే తొక్కండి. ఎవరైనా అడిగితే "వేడెక్కినంకనే తొక్కిన" అని ఒట్టేసి చెప్పొచ్చు, అబద్ధం కూడా కాదు.

3. రోజూ రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన చిట్కా ఇది. ఎందుకంటే ఇంజన్‌ను పాడు చేస్తుంటే మెచ్చుకోళ్ళు కూడా వస్తాయి. అన్న వీడియో కాల్ చేసి "రోజు స్టార్ట్ చేస్తున్నవారా?" అని అడుగుతాడు. ఫోన్ బానెట్ దగ్గర పట్టుకుని "ఇంటున్నవా అన్నా సౌండ్? బండి మంచిగనే ఉంది, పరేషాన్ గాకు" అనండి. కాల్ కట్ కాగానే బండీ కట్ చేయండి. చల్లటి ఇంజన్‌కు కారు కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు పోస్తుంది. మండని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగి కిందికి దిగుతుంది. మంటలోంచి పుట్టిన నీటి ఆవిరి కూడా ఆయిల్‌లోకే చేరుతుంది. ఆ రెండూ ఎగిరిపోవాలంటే ఆయిల్ బాగా కాగాలి. రెండు నిమిషాల్లో అది ఎక్కడ కాగుతుంది? కొన్ని నెలలు ఇట్లా చేస్తే ఆయిల్ మూత కింద మీగడ లాంటిది పేరుకుంటుంది. మూత తీయకండి, తుడవాల్సి వస్తుంది. వారానికోసారి ధర్మపురి దాకా పోయి గోదావరి చూసి వస్తే ఈ పథకం మొత్తం చెడిపోతుంది, కాబట్టి గుడికి బస్సులో పొండి.

4. కూలెంట్ తగ్గితే బోరు నీళ్ళు పోయండి.

కూలెంట్ డబ్బా కొనాలంటే దుకాణం దాకా పోవాలి, బోరు ఇంట్లోనే ఉంది. అదీగాక బోరు నీళ్ళు చేసే పని గీజర్ కాయిల్ మీద అందరూ చూసిందే. ఆ తెల్ల పొర రేడియేటర్ సన్న గొట్టాల్లో కూడా కడుతుంది. తుప్పును ఆపే మందు కూలెంట్‌లో ఉంటుంది, బోరు నీళ్ళలో ఉండదు. ఇంకో లాభం చూడండి. సగం కూలెంట్, సగం శుద్ధమైన నీళ్ళు కలిపి, మూత ప్రెషర్ పట్టి ఉంచితే 120 డిగ్రీలు దాటినా మరగదు. ఉత్త నీళ్ళు పోసి, రబ్బరు పోయిన మూత పెడితే 100కే కుతకుత. అంటే మామూలుగా నడిచే వేడిలోనే మీ ఇంజన్ మరిగిపోతుంది!

5. థర్మోస్టాట్ పీకించండి.

థర్మోస్టాట్ అంటే కూలెంట్ వేడెక్కేదాకా దాన్ని రేడియేటర్‌లోకి పోనివ్వని చిన్న వాల్వు. అంబాసిడర్ల నాటి మేస్త్రి ఎవరైనా దొరికితే అడక్కుండానే ఈ సలహా ఇస్తాడు. "ఎండల దేశంల దీనితో ఏం పని, తీసేస్తే చల్లగుంటది." నిజమే, చల్లగా ఉంటుంది. మరీ చల్లగా. ఇంజన్ ఎప్పటికీ 90 చేరదు, కంప్యూటర్ ఇంకా తెల్లారలేదనుకుని పెట్రోలు పోస్తూనే ఉంటుంది, మైలేజ్ పడిపోతుంది, ఆయిల్‌లో బురద కడుతుంది. వర్టుస్ లాంటి టీఎస్ఐ ఇంజన్లలో హెడ్‌కు ఒకటి, బ్లాక్‌కు ఒకటి రెండు థర్మోస్టాట్లు పెట్టారు. బ్లాక్ కొంచెం ఎక్కువ వేడిగా ఉంటే రాపిడి తగ్గుతుందని వాళ్ళ ఆలోచన. రెండూ పీకించండి. మూడో చిట్కాకు రోజూ పడే రెండు నిమిషాల శ్రమ కూడా తప్పుతుంది.

6. గాలికి అడ్డం పెట్టండి.

గ్రిల్ ముందు పెద్ద లైట్లు, లీడర్ ఫొటో, బంతిపూల దండ, అన్నీ కట్టండి. యాసంగి కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన వడ్ల పక్క నుంచి పొండి, పొట్టు రేడియేటర్‌కు, ఏసీ కండెన్సర్‌కు మధ్య చేరుతుంది. సిరిసిల్లలో అత్తగారిల్లు ఉంటే సాంచాల షెడ్డు పక్క గల్లీలో పార్క్ చేయండి, నూలు పొట్టు కూడా తోడవుతుంది. ఆ తర్వాత మంగళవారమో శనివారమో ఐదుగురిని ఎక్కించుకుని, ఏసీ ఫుల్లు పెట్టి, కొండగట్టు రద్దీలో చిన్న గేర్‌లో పాకండి. ఎదురు గాలి ఉండదు, ఫ్యాన్ ఒక్కటే దిక్కు. ఏసీ ఆపి హీటర్ వేస్తే ఇంజన్ వేడి కొంత దిగుతుందని వెనక సీట్లోంచి ఎవరైనా అంటే, మేలో హీటరా అని నవ్వండి. నలుగురూ నవ్వుతారు, ఆయన మళ్ళీ నోరెత్తడు.

7. హైవే మీంచి వచ్చి వెంటనే ఆపేయండి.

63వ నంబరు జాతీయ రహదారి మీద మెట్‌పల్లి నుంచి దంచుకుంటూ వచ్చి, ఫంక్షన్ హాల్ ముందు సర్రున ఆగి, అదే ఊపులో బటన్ నొక్కి దిగండి. టర్బో నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, దాన్ని తిప్పే పొగ వేడి 900 డిగ్రీలకు చేరగలదు. ఇంజన్ ఆగితే ఆయిల్ ప్రెషర్ ఆగుతుంది, టర్బోలో నిలిచిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. చివరి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా వస్తే ఇదంతా జరగదు, కానీ నెమ్మదిగా వచ్చేవాణ్ణి పెళ్ళిలో ఎవరు చూస్తారు? బండి ఆపినా ఫ్యాన్ తిరుగుతుంటే అది వేడిని దింపుకుంటోందని అర్థం. బ్యాటరీ దిగిపోతుందని చెప్పి టెర్మినల్ పీకండి.

8. టెంపరేచర్ ఎర్రదీపం వెలిగితే ఇల్లు చేరేదాకా పోనివ్వండి.

కంప్యూటర్ భయపడి పికప్ తగ్గిస్తుంది. మీరు భయపడకుండా ఇంకా తొక్కండి. నాలుగైదు కిలోమీటర్లలో అల్యూమినియం హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది, సైలెన్సర్ తెల్ల పొగ వదులుతుంది, ఆయిల్ పాలచాయ్ రంగుకు తిరుగుతుంది. కాగే ఇంజన్ మీద బిందెడు చల్లటి నీళ్ళు గుమ్మరిస్తే పగులు కూడా రావచ్చు. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోకండి. ఆవిరి ముఖం మీదికి కొడుతుంది, కాలిన ముఖంతో అమాయకంగా కనిపించడం కష్టం.

9. సాకు ముందే ఎంచుకోండి.

"జగిత్యాల ఎండకు ఏ బండి ఆగుతదన్నా" అనే సాకు ఊళ్ళో నడుస్తుంది, అన్న దగ్గర నడవదు. ఆయన ఉండే చోట ఎండ 45 దాటుతుంది, అక్కడ రోడ్డు మీద ఇంతకంటే పెద్ద టర్బోలు ముల్లు కదలకుండా తిరుగుతాయని ఆయన రోజూ చూస్తాడు. బాగున్న ఇంజన్ జనవరిలో అయినా మేలో అయినా అదే 90 నుంచి 105 మధ్య ఉంటుందని ఆయనకు తెలుసు. పెట్రోలు కల్తీ అనండి. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోకండి, లోపం వచ్చిన క్షణంలో కూలెంట్ ఎంత వేడి ఉందో కారు కంప్యూటర్ రాసిపెట్టుకుంటుంది, వాళ్ళు చదివేస్తారు.

అన్నిటికంటే గట్టి ఉపాయం ఇంకోటి ఉంది. గ్యాస్కెట్ కొద్దిగా కారుతుండగానే బండిని ఇంటి ముందు ఆపేసి, పైపైన కడిగి, నిమ్మకాయలు కట్టి ఉంచండి. ఎయిర్‌పోర్టుకు వేరే కారులో పోయి అన్నను తీసుకురండి. మరునాడు తాళం చేతిలో పెట్టి "నీ బండి నువ్వే నడుపన్నా, వేములవాడ పోయొద్దాం" అనండి. ఎర్రదీపం వెలిగినప్పుడు స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంటే తప్పు వాళ్ళదే. ఫ్లైట్ తేదీ ఇప్పుడే కనుక్కోండి.