చెట్టు లేని ఊళ్లో చెక్కపని

జిద్దాలో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో అద్దెకుంటున్న, ఇద్దరు పిల్లల తండ్రినైన నేను ఈ ఊరి పాతబస్తీ బలద్‌లోని ఇళ్ల మీద చేసుకుంటున్న ఫిర్యాదు ఏమనగా:

మూడేళ్ల కిందటిదాకా నేను బుద్ధిమంతుణ్నే. కుర్చీ కావాలంటే కొనేవాణ్ని. ఒక శుక్రవారం సాయంత్రం చాయ్ తాగడానికి బలద్ వెళ్లడమే నా కొంప ముంచింది. ఎటు చూసినా వీధి మీదికి పొడుచుకొచ్చిన చెక్క కిటికీలు. రోషన్లంటారు. (ఆ రాత్రి ఈ పేరు కలవరించానట. "రోషన్ ఎవరండీ?" అని మా ఆవిడ తెల్లారి నిలదీసింది. అది వేరే కేసు.) గాలి లోపలికొస్తుంది, ఆడవాళ్లకు వీధి కనబడుతుంది, వీధికి వాళ్లు కనబడరు. చెక్కముక్కలే కదా, ఆమాత్రం మనం చెయ్యలేమా అనుకున్నాను.

మొదటి ముద్దాయి నసీఫ్ ఇల్లు. 1881లో పూర్తయింది. 1925లో అబ్దులజీజ్ రాజు జిద్దాకొచ్చి దిగింది ఇందులోనే. ముంగిట వేపచెట్టు. ఒకప్పుడు ఊరు మొత్తానికి చెట్టంటే అదొక్కటేనట. అయ్యా, ఒంటి చెట్టు ఊరివాళ్లు ఇంత చెక్కపని పెట్టుకోవచ్చా? పగడపు రాతి గోడల మధ్య దూలాలు పేర్చడానికి, మన దేశం నుంచీ జావా నుంచీ టేకు ఓడల్లో దింపుకున్నారు. నాకున్న ఓడ స్నేహితుడి కారు డిక్కీ. అందులోంచి తోకలా వేలాడుతూ వచ్చిన ఎనిమిదడుగుల పైన్ చెక్క మా లిఫ్టులో పట్టలేదు. నసీఫ్ ఇంటి మెట్లు ఒంటెలు ఎక్కేలా కట్టారని చెబుతారు. మా మెట్ల మలుపులో మనిషే పక్కకు తిరగాలి. మూడో అంతస్తు గోడకు గీత పడింది. మా బిల్డింగ్ హారిస్ (కాపలాదారు) ఆ గీతను వచ్చినవాళ్లందరికీ ఇప్పటికీ చూపిస్తుంటాడు.

వర్క్‌షాప్ అంటే బాల్కనీలో వాషింగ్ మెషిన్ పక్కన జానెడు చోటు. అక్కడే చిత్రిక పట్టి, రెండు కుట్లు వేయించుకుని, ఇంటిల్లిపాదికీ పప్పులో రంపప్పొట్టు తినిపించి, నాలుగు నెలల్లో సొరుగున్న బల్ల ఒకటి చేశాను. సొరుగు వెన్నలా జారింది. గర్వం కొద్దీ పాస్‌పోర్టులన్నీ అందులోనే పెట్టాను.

సెప్టెంబరులో బావమరిది పెళ్లి. సరిగ్గా అప్పుడే బల్ల ఉన్న గదిలో ఏసీ నాలుగు రోజులు ఆగింది. ఎర్రసముద్రం తేమంతా నా సొరుగే తాగింది. రాత్రి ఫ్లైటు, సాయంత్రం సొరుగు రాదు. చెక్క పొడవునా పెరగదట, అడ్డంగా ఉబ్బుతుందట. బలద్ వడ్రంగులు చిన్న చిన్న పలకల్ని చట్రాల్లో కూర్చింది అందుకేనట. నేను వెడల్పు పలకను జిగురుపెట్టి బిగించాను. వాళ్లీ సంగతి ముందే చెప్పాల్సింది. పైగా ఆ ఇళ్లు 2014లో యునెస్కో జాబితాలోకి ఎక్కి కూర్చున్నాయి, ఇక కేసేం నిలుస్తుంది?

చివరికి మా ఆవిడే ఉలి అందుకుంది. బల్ల ముందుపలక దెబ్బతినకుండా, మూడు దెబ్బల్లో సొరుగు ఊడొచ్చింది. పెళ్లి నుంచి తిరిగొచ్చాక, "ఈ శుక్రవారం బలద్ వెళ్దామండీ, ఆ చట్రం బిగింపు ఒకసారి చూడాలి" అంది.

ఇప్పుడు బాల్కనీ ఆవిడది. పొట్టు ఊడ్చేది నేను.