విఘ్నం నంబరు 77

పరీక్షల ముందు ఐనవిల్లి సిద్ధివినాయకుడి సన్నిధిలో పెన్నులకు పూజ చేసి పిల్లలకు పంచుతారు. ఆ పెన్నుతో డిగ్రీ గట్టెక్కిన మన కోనసీమ కుర్రాడు పక్క ఊరి ప్రైవేటు కాలేజీలో ఎమ్మెస్సీ చేరదామనుకుంటే అడ్డొచ్చింది 77వ నంబరు జీవో. 2020 డిసెంబరులో పుట్టింది. ప్రైవేటు కాలేజీల్లో పీజీకి ఫీజు రీయింబర్స్‌మెంట్ లేదు పొమ్మంది. యూనివర్సిటీలో సీటొస్తే సరే, రాకపోతే? ‘పీజీ చదివి ఏం ఉద్ధరిస్తావురా’ అనే చుట్టాలకు ఊళ్లో కొదవా! సర్కారూ ఆ వరసే కలిపింది. ఎన్నికల ముందు ఆ జీవోను రద్దు చేస్తామన్న మాటలూ విన్నాం. స్వామీ, పిల్లల పెన్నులు చాలుగానీ, ఈసారి పూజలో సచివాలయంలో సంతకాలు పెట్టే పెన్ను ఒకటి పెట్టించండి. కొబ్బరికాయ మాది!